మెరుపు పడని జానీ

టేకులపల్లి ఫొటోగ్రాఫర్ జానీకి మెరిసేదేదీ పడదు. బంగారమైనా, బట్టతలైనా ఆయనకు ఒకటే.

స్టూడియోలో ఎవరు అడుగుపెట్టినా పలకరింపు కన్నా ముందు పౌడర్ డబ్బా ఎదురొస్తుంది. పెళ్లికూతురి ముక్కుపుడక మీద కూడా అద్దేస్తాడు. ఓసారి ఒక పెళ్లికొడుకు నవ్వితే బంగారు పన్ను బయటపడింది.

"నోరు మూసి నవ్వు తమ్మీ."

"మూస్తే నవ్వెట్లయితది అన్నా?"

"కండ్లతోని నవ్వు. జల్దీ!"

స్టూడియోలో కంప్యూటర్ పని భవానిది. పచ్చ తెర ముందు మనుషుల్ని నిలబెట్టి జానీ వీడియో తీస్తే, ఆమె ఆ పచ్చరంగు తీసేసి అక్కడ కాశ్మీరో, సముద్రమో పెడుతుంది. చిక్కల్లా తెర పచ్చదనం మెరిసే వాటి మీద పడటమే. పైగా వాళ్ల చిన్న కెమెరా వీడియోను పిండి పిండి చిన్న ఫైలు చేస్తుంది. ఆ పిండడంలో పక్కపక్క రంగులు కలిసిపోతాయి. పచ్చ తీసేసరికి మెరుపున్న చోటల్లా చిల్లు పడి వెనక సీను కనిపిస్తుంది. వెంకటరామారావు అనే పెద్దమనిషి బట్టతలలోంచి అలాగే ఓ పెళ్లి వీడియోలో జలపాతం దూకింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. భవానీ నవ్వింది. జానీ మాత్రం పెట్టెడు పౌడర్ డబ్బాలు తెప్పించాడు.

అలాంటి స్టూడియోకు ఒక మధ్యాహ్నం లంబాడీ తండా నుంచి బాలి అనే అవ్వ, మనవడు లాల్‌సింగ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. రైకకు అద్దాలు, లంగాకు అద్దాలు, తల మీది గుడ్డకూ అద్దాలే. ఆమె నడుస్తుంటే గోడల మీద వెలుగుచుక్కలు పరుగెత్తాయి.

"చీర కట్టుకోమంటే ఇనలేదన్నా," లాల్‌సింగ్ ముందే లొంగిపోయాడు.

"ఒక్కొక్క అద్దం నేనే కుట్టుకున్న. సముద్రం కాడికి గివే కట్టుకపోవాలనుకున్న," అంది బాలి. "పోనైతే పోలే. మీ కాడ సముద్రం ఉన్నదంటే వచ్చిన."

జానీ ఎత్తిన పౌడర్ డబ్బా మెల్లగా దించాడు. "ఉండనియ్ అవ్వా. గట్లనే నిలవడు."

వీడియో తీయించుకుని ఆమె వెళ్లగానే భవాని విరుచుకుపడింది. "ముక్కుపుడకను ఇడిసిపెట్టవు, గిన్ని అద్దాలను ఎట్ల ఇడిసిపెట్టినవన్నా? అన్నీ చిల్లులే!"

"నేను పూడుస్తా."

"ఒక్కొక్క అద్దమా? ఏం పిచ్చి నీకు?"

"చిల్లులుంటే తండల నవ్వుతరు భవానీ. గా జలపాతం అయినంక వెంకటరామారావు సారు ఫంక్షన్లకు పోవుడే బంద్ చేసిండు. నా వీడియో చూసి ఇంకో మనిషిని ఎవ్వలు నవ్వొద్దు. గందుకే గీ పౌడరంత."

భవాని కుర్చీ జరిపి పక్కన చోటిచ్చింది. పెళ్లి వీడియోలన్నీ పక్కన పెట్టి, ఇద్దరూ కళ్లు కాయలు కాచేలా అద్దాల్లో చిల్లులు పూడ్చారు.

బాలి మనవడితో మళ్లీ వచ్చి వీడియో చూసింది. మొహం చిట్లించింది.

"సముద్రం మంచిగున్నది. నా అద్దాలకేమైంది?"

"ఏమైందవ్వా? అన్నీ ఉన్నయి గద!"

"సముద్రం కాడ నిలవడితే అద్దాలల్ల సముద్రం కనపడొద్దా బిడ్డా? గుడ్డివైనయా ఏంది?"

జానీ భవాని వైపు చూశాడు. ఆమె చిల్లులు పూడ్చని పాత వీడియో పెట్టింది. ప్రతి అద్దంలోనూ ఓ చిన్న అల లేచి పడింది.

"అవ్, గిట్ల!" బాలి చప్పట్లు కొట్టింది. మనవడి భుజం పట్టి ఊపింది. తర్వాత జానీ వైపు తిరిగి గదమాయించింది:

"గింత మంచిగ తీసి పెట్టుకోని, ముందుగాల గా ఖరాబుది ఎందుకు చూపిచ్చినవ్ బిడ్డా?"

"తప్పైందవ్వా," అన్నాడు జానీ, నవ్వు ఆపుకోలేక.