లోపల ఏముందో తెలియని ముక్క

2008 వేసవి. విజయవాడ గవర్నరుపేటలో ఒక సందులో మా ఆఫీసు. పేరుకే ఆఫీసు; నాలుగు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, అది మొరాయించినప్పుడు విసురుకోవడానికి ఒక విసనకర్ర. బళ్ళకీ, చిన్న కంపెనీలకీ లినక్స్ వేసిపెట్టడం నా వృత్తి. లినక్స్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్; దాని సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన అసలు ప్రోగ్రాం, ఎవరైనా తెరిచి చూడొచ్చు. దాని నడిమి భాగం కెర్నెల్. కంప్యూటర్లోని ప్రతి పరికరంతోనూ మాట్లాడేది అదే.

జీతం లేని పని ఇంకొకటి ఉండేది. పామర్రులో శేషగిరి మాస్టారు తెలుగు బళ్ళ కోసం ఒక లినక్స్ సీడీ తయారుచేస్తుండేవారు. కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. సీడీలో పాఠాలు ఆయనవి, కెర్నెల్ సిద్ధం చేయడం నాది. ఆయన నియమం ఒక్కటే. సోర్స్ కోడ్ కనిపించని ముక్క ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. ప్రతి బడికీ స్వయంగా వెళ్ళి, "ఇందులో మీరు విప్పి చూడలేనిది ఏదీ లేదర్రా" అని పిల్లలకి చెప్పేవారు. "కెర్నెల్‌కి మడి కట్టారు మాస్టారూ" అని నేను ఏడిపించేదాన్ని. నవ్వేవారు గానీ, మెట్టు దిగేవారు కాదు.

ఆ ఏడాది బందరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక బడికి ఎవరో ట్రస్టువాళ్ళు కంప్యూటర్లు ఇచ్చారు. ఊరంతా చేపల మీద బతికేవాళ్ళే. అక్కడి టీచరు వరలక్ష్మి గారూ ఆ ఊరి ఆడపడుచే. వాళ్ళమ్మ అప్పటికీ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. ఇంటర్నెట్ లైను ఊరి పక్కనున్న ఉప్పునీటి పాయకి అవతల, ఐసు ఫ్యాక్టరీలో ఉంది. పాయ మీదుగా వైరు లాగలేరు కాబట్టి కంప్యూటర్లకి వైర్‌లెస్ కార్డులు పెట్టారు. వేసవి సెలవులయ్యేలోగా నెట్ రావాలి, లేకపోతే కంప్యూటర్లు వేరే బడికి పోతాయని ట్రస్టువాళ్ళ షరతు.

మా సీడీతో అన్నీ నడిచాయి, ఆ కార్డులు తప్ప. అలాంటి కార్డులో ఒక చిప్పు ఉంటుంది. కరెంటు రాగానే దానికి ఏ పనీ తెలియదు. కెర్నెల్ ఒక చిన్న ప్రోగ్రాం తీసుకెళ్ళి అందులో వేస్తేనే కదులుతుంది. ఆ ప్రోగ్రాం పేరు ఫర్మ్‌వేర్. కార్డు తయారుచేసే కంపెనీ దాన్ని ఊరికే ఇస్తుంది, పంచుకోనిస్తుంది. సోర్స్ మాత్రం చూపించదు. దాన్ని కెర్నెల్లో కలపడం నాకు ఒక పూట పని.

"కలిపేస్తాను మాస్టారూ."

"వద్దమ్మాయ్. కంపెనీకి రాశాను. సోర్స్ ఇస్తారేమో చూద్దాం."

కంపెనీ మర్యాదగా కుదరదంది. అప్పుడు వరలక్ష్మి గారే బస్సెక్కి పామర్రు వచ్చారు. మాస్టారి వసారాలో ముగ్గురం కూర్చున్నాం.

"దేవుడికి ముడుపు చెల్లిస్తామండీ. గుళ్ళో దాన్ని ఎవరన్నా విప్పి చూస్తారా? ఇదీ అలాంటిదే అనుకుని పెట్టెయ్యండి మాస్టారూ," అన్నారావిడ.

మాస్టారు నొచ్చుకోలేదు. "ముడుపు కట్టినవాడికి లోపల ఏముందో తెలుసు తల్లీ. ఇది మనం కట్టింది కాదు. పిల్లల ముందు నిలబడి ఏమని చెప్పను?"

"పిల్లలు అదంతా అడగరండీ. మా ఆడపిల్లలు ఏడో తరగతి అవగానే రొయ్యల షెడ్లలో పనికి పోతున్నారు. కంప్యూటర్లొచ్చాయని ఈ ఏడు ఆగారు. అవి పోతే వీళ్ళూ పోతారు."

మాస్టారు, "ఆ ఫర్మ్‌వేర్ నేనే రాస్తాను. కొంచెం టైమివ్వమ్మా," అన్నారు.

దాన్ని మా వృత్తిలో రివర్స్ ఇంజినీరింగ్ అంటారు. చిప్పు ఏం చేస్తోందో బయటినుంచి గమనిస్తూ, అదే పని చేసే ప్రోగ్రాం మనమే రాయడం. కంపెనీలకే తలప్రాణం తోకకొచ్చే పని. మాస్టారికి అప్పటికే గుండె జబ్బు. మేడ మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు గానీ, కార్డు ముందు కూర్చోవద్దని చెప్పలేదుగా అనేవారు. ఒకరోజు ఫోన్ చేసి, "దీపం వెలిగిందే అమ్మాయ్!" అని అరిచారు. కార్డు మీది పచ్చ దీపం. కాసేపు వెలిగి ఆరిపోయిందట. నేనూ సంబరపడ్డాను. మొండాయన సాధిస్తాడనే అనుకున్నాను.

బళ్ళు తెరిచారు. దీపం మళ్ళీ వెలగలేదు. వ్యాను వచ్చింది.

వరలక్ష్మి గారు ఫోన్లో ఏడవలేదు. "తీసుకెళ్ళిపోయారండీ. మా పిల్లలే మోసి వ్యాన్లో పెట్టారు," అన్నారు.

ఆ సంగతి మాస్టారికి ఫోన్లో చెప్పాను. మర్నాడు పామర్రు వెళ్ళాను. "పెట్టెయ్యమ్మా," అన్నారు. ఆయన పక్కనే కూర్చుని కంపెనీ ఫర్మ్‌వేర్‌ని కెర్నెల్లో కలిపాను. ఆయన లాప్‌టాప్‌లోనూ అదే రకం కార్డు. వేయగానే నెట్ వచ్చింది. చెప్పానుగా, ఒక పూట పని. ఆయన తెర వంక చూడలేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే కనిపించేలా రెండు వాక్యాలు చెప్పి రాయించారు: "ఇందులో ఒక ముక్క లోపల ఏముందో మాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించాం."

ఆ వానాకాలంలోనే పోయారు. తండ్రి పోయినట్టు ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఏడుపు తగ్గింది గానీ, కోపం ఇంకా కొంచెం ఉంది.

కొత్త సీడీ వేసిన నా లాప్‌టాప్ తీసుకుని ఆ బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతిలో ఆడపిల్లల వరసలో ఒక్క అమ్మాయే ఉంది. ఆన్ చేశాను. పాయ అవతలి నెట్ తగులుకుంది. తెర మీద వచ్చిన వాక్యాలు ఆ అమ్మాయి పైకి చదివింది. నెట్ తెచ్చింది ఆ ముక్కేనని చెప్పాను. నావైపు తిరిగింది.

"ఈ ముక్క ముందే పెట్టుంటే మా కంప్యూటర్లు ఉండేవాండీ?"



"ఉండేవమ్మా," అన్నాను.

దసరా సెలవుల తర్వాత ఆ అమ్మాయి కూడా బడికి రాలేదట.

మాస్టారు చెప్పింది తప్పని నేనిప్పటికీ అనలేను. ఆ రెండు వాక్యాల్నీ మా సీడీలోంచి ఎన్నడూ తీసెయ్యలేదు. కానీ పనిలో నియమం మాట ఎవరెత్తినా, దాని ఖరీదు ఎవరి నెత్తిన పడుతుందో ముందు అడుగుతాను. ఆ వేసవి వ్రతం పట్టింది మేం. పస్తులున్నది ఆ పిల్లలు.