చూరున వేలాడిన ఆకు: లాకుపాలేనికి పడవ ప్రయాణం

పాఠకుడా, కిందటిసారి నీకు జ్వరం వచ్చినప్పుడు ఎంతమంది చేతి మందు మింగావు? వాళ్ళలో ఎంతమందికి మిగిలినవాళ్ళ సంగతి చెప్పావు? తొందరపడి జవాబివ్వకు. నీ భార్య పక్కనుండి వింటుందేమో చూసుకుని మరీ చెప్పు.

ఈ ప్రశ్న నన్ను నెల కిందట అడిగి ఉంటే నేను నవ్వి, అలాంటి పనులు చదువులేనివాళ్ళు చేస్తారని చెప్పి ఉండేవాణ్ణి. నెల కిందట మా మేనకోడలు సుభద్ర దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. తల్లి లేని పిల్ల. మండపేటకు దిగువన కాలువ గట్టు మీదున్న లాకుపాలెం దాని అత్తవారి ఊరు. "మావయ్యా, నాకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి ఊళ్ళో ముగ్గురు వైద్యులూ కలిసి చూస్తున్నారు. మా ఇంటికీ ఆకు కట్టారు. ఆ సంగతి నువ్వొచ్చాక చెబుతాను. వాదించడానికైతే రాకు, చూడ్డానికైతే రా" అని రాసింది.

'మళ్ళీ' అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. రెండేళ్ళ కిందట దానికి ఎనిమిదో నెలలో చలిజ్వరం వచ్చింది. అత్తగారు ఆయుర్వేదం ఆయన చేత భస్మం ఇప్పించింది. భర్త ఆసుపత్రినుంచి క్వినైను తెచ్చాడు. మంత్రసాని కషాయం కాచి పోసింది. ఒకరి సంగతి ఒకరికి తెలిస్తే మర్యాద పోతుందని ఇంటివాళ్ళు ముగ్గురికీ దాచారు. నొప్పులు ముందే వచ్చాయి. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కడమే గొప్పయింది. అది ఎవరి మందు చేసిన పనో ఈనాటికీ తేలలేదు. ఎవరిని అడిగినా మిగతా ఇద్దరినీ చూపించారు. నేను నా పత్రికలో మూడు వ్యాసాలు రాశాను, ఒక్కొక్కరి మీద ఒక్కొక్కటి. నాలుగోది సంగతి దాచిన ఇంటివాళ్ళ మీద రాయవలసింది. వాళ్ళు చుట్టాలు కాబట్టి ఊరుకున్నాను.

ఈసారి పిల్లను రాజమండ్రి తీసుకొచ్చేయాలని నిశ్చయించుకున్నాను. వేసవి మరమ్మతులకు కాలువలు కట్టేసే రోజులు దగ్గర పడ్డాయి. నీళ్ళు ఆపేశారంటే పడవలుండవు. గట్టు మీద ఎడ్లబండి కుదుపులో నిండు చూలాలిని తేవడం జరిగే పని కాదు.

బుధవారం భోజనం చేసి రెండు గంటలకు బండి ఎక్కాను. గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్నాయి. అవి చూస్తూ నిలబడ్డ జనం దారి ఇవ్వక ధవళేశ్వరం చేరేసరికి నాలుగయింది. మనిషికి పడవ కేవు నాలుగణాలు. పైన తాటాకుల గూడు ఉన్న పడవ, కింద బియ్యం బస్తాలు, బస్తాల మీద మేము. నా సంచిలో పులిహోర పొట్లం, రెండు పంచెలు, నా వ్యాసాల ప్రతులు కొన్ని, మద్రాసునుంచి తెప్పించిన బలం మందు సీసా ఒకటి ఉన్నాయి.

నా పక్కన ఒక బియ్యం వర్తకుడు కూర్చున్నాడు. పడవ లాకు దాటకముందే ఆయన మొలనుంచి ఒక పొట్లం, జేబునుంచి ఒక గుళిక, చెంబులోనుంచి ఏదో చారు తీసి వరసగా మింగాడు.

"మూడూ ఒకే వైద్యుడివేనా?" అన్నాను.

"అబ్బే, మూడూళ్ళవండీ. కడుపునొప్పి ఒక్కటే."

"ఒకరి సంగతి ఒకరికి చెప్పారా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అత్తగారి ముందు పుట్టింటి వంట మెచ్చుకుంటామా అండీ?"

నేను సంచిలోంచి ఒక వ్యాసం తీసి ఇచ్చాను. ఆయన ఎంతో మర్యాదగా పుచ్చుకుని, గుళికలు అందులోనే పొట్లం కట్టుకున్నాడు.

గురువారం ఉదయం ఏడు గంటలకు లాకుపాలెం రేవులో దిగాను. రేవంతా బిందెలతో నిండి ఉంది. కాలువ ఎల్లుండి కట్టేస్తారట. పారే నీళ్ళు ఉండగానే ఊరి మంచినీళ్ళ గుంట నింపుతున్నారు. దాని చుట్టూ కొత్తగా ముళ్ళకంప వేశారు. గేదెలను మళ్ళించడానికి ఒక ముసలాయనను కాపలా పెట్టారు. ఆయన్ని అడిగితే చెప్పాడు: "నిరుడు కాలవ కట్టాక వాంతులూ భేదులూ వచ్చాయండి. మా ముగ్గురు వైద్యులూ ఆకులన్నీ ఒకచోట పరిచి చూస్తే, జబ్బు పడ్డ ఇళ్ళన్నీ గేదెలు దిగే గుంట నీళ్ళు తాగినవేనని తేలింది. అందుకని ఈ కంప."

ఆకులంటే విస్తళ్ళనుకున్నాను. జబ్బుకూ విస్తళ్ళకూ ఏమిటి సంబంధమని అడగవలసింది. అడగలేదు. ప్రశ్నించడం నేర్పే మనిషికి ప్రశ్నలు వెయ్యడం ఎందుకులే అనిపిస్తుంది కాబోలు.

సుభద్ర ఇల్లు రేవుకు నాలుగిళ్ళ అవతల. గుమ్మం దగ్గరకు వచ్చి తలెత్తాను. చూరునుంచి ఒక తాటాకు చుట్ట వేలాడుతోంది. పసుపు పూశారు. దానికో నల్లటి నూలుతాడు, తాడుకు ముడులు, చివరి రెండు ముడుల మధ్య అడ్డంగా గుచ్చిన చీపురు ఈనె. నా ఒళ్ళు మండిపోయింది. నెలలు నిండిన పిల్ల గుమ్మానికి రక్షరేకా? చిల్లంగి భయమా? పాతికేళ్ళుగా నేను ఏ జాడ్యం మీద నోరు చేసుకున్నానో అది నా మేనకోడలి నెత్తి మీదే వేలాడుతోంది. పుటుక్కున తెంపి, వెనక్కి నడిచి, కాలువలోకి విసిరాను. ఆకు రెండు మూడు గిరికీలు కొట్టి దిగువకు పోయింది. నాకెంతో తృప్తి కలిగింది.

లోపల సుభద్ర నన్ను చూసి నవ్వింది. పాదాలు కాస్త వాచాయి గాని ముఖం తేటగా ఉంది. "సాయంత్రం పడవకు నాతో వస్తున్నావు" అన్నాను. "ముగ్గురినీ అడిగి చెబుతాను" అంది. చద్దన్నంలో మజ్జిగ పోసి పెట్టింది. తిన్నాను.

పదకొండు గంటలకు ఇద్దరు మనుషులు ఒక గొడుగు కింద వచ్చారు. గొడుగు పట్టినాయన ఆసుపత్రి డాక్టరు దేవసహాయం గారు, క్రైస్తవులు. గొడుగు కింద నడిచినాయన ఆయుర్వేదం సోమయాజులు గారు. అరుగు మీద మాత్రం మూరెడు దూరం పాటించి కూర్చున్నారు. నస్యం డబ్బీ ఆ మూరెడు దూరాన్నీ దాటి ఇటూ అటూ తిరుగుతూనే ఉంది.

డాక్టరు గారు చూరు వైపు చూశారు. "ఆకేదమ్మా?"

"ఆ రక్షరేకేనా? కాలువలో పారేశాను" అన్నాను నేను, ఉపన్యాసం మొదలుపెట్టే గొంతుతో.

సుభద్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"విప్పి చూశారా పంతులుగారూ?" అన్నారు సోమయాజులు గారు మెల్లగా. "లోపల నా గంటం రాత ఉంది. ఈయన రాత ఉంది. ఏ రోజు ఏ మందు ఎంత ఇచ్చామో ఉంది. పసుపు పురుగు పట్టకుండా పూశాం. ముడులు మంత్రసాని సూరమ్మవి. ఆవిడకు రాయడం రాదు."

ఆధారం చూడకుండా ఏదీ నమ్మవద్దని రాసి రాసి వేళ్ళకు కాయలు కట్టిన మనిషిని. ఆ ఆకు విప్పడానికి నాకు రెండు క్షణాలు పట్టేది.

రెండేళ్ళ కిందట బిడ్డ పోయాక సుభద్రే ముగ్గురినీ ఇదే అరుగు మీదికి పిలిపించి, "ఏమిచ్చారో ఒకరి ఎదుట ఒకరు చెప్పండి" అని అడిగిందట. అంతకు ముందు ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుని ఎరగరు. ఆ రోజునుంచి ఇంటికో ఆకు. ఎవరు మందిచ్చినా ముందు ఆకు చదవాలి, తరవాత రాయాలి. గురువారం గురువారం కలిసి చూడాలి.

"సూరమ్మ తెల్లవారగట్ల వచ్చి వెళ్ళింది" అంది సుభద్ర. "ఏదో ముడి వేసింది. నాకేం చెప్పలేదు."

"తాడుకు ఈనె ఏమైనా ఉందా?" అని డాక్టరు గారు నన్ను అడిగారు.

"ఉంది. అడ్డంగా."

ఇద్దరు వైద్యులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆవిడనే అడిగి రూఢి చేసుకోవాలి. పల్లెపాలెంలో ఉంటుంది" అన్నారు డాక్టరు గారు. ఆ మాట పూర్తికాకముందే నేను లేచాను. తప్పు చేసినవాడే పరుగెత్తాలి గదా. ఏభై దాటిన మనిషిని, చెప్పులు చేత పట్టుకుని గట్టు వెంట పరుగెత్తాను. వలలు ఆరబెట్టుకుంటున్న చేపలవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. ఒకావిడ, "పాపం, ఈయనకీ నొప్పులేమో" అంది.

సూరమ్మ ఒక గుడిసె ముందు బాలింతకు నీళ్ళు కాయిస్తోంది. చేసిన పని చెప్పాను. ఆవిడ బొడ్డునుంచి ఇంకో నల్లతాడు తీసింది.

"రెండు తాళ్ళు ముడేత్తాను బాబుగారూ. ఒకటి ఆకుకి, ఒకటి నా దగ్గరికి. ఎలకలు కొరికేత్తాయని. ఎలక ఇంత పెద్దదని అనుకోలేదు."

"ఈనె ఏమిటి సూరమ్మా?"

"బిడ్డ అడ్డం తిరిగిందండి. నిన్నటిదాకా నిలువుగానే ఉంది."

"పిల్లకు చెప్పలేదేం?"

"నిండు చూలాలికి పళ్ళు తోముకోకముందే ఆ మాట సెబుతామా అండీ? ఆకుకి సెప్పాను. ఆకు డాట్రుగారికి సెబుద్ది."

తిరిగి నడుస్తుంటే ఆవిడ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "అమ్మోరు పచ్చినీళ్ళు ముట్టద్దంది, కాసుకు తాగండి" అని చెబుతూ వచ్చింది. అంత సిగ్గులోనూ నా పాత కోపం లేచింది. అరుగు మీద కూర్చోగానే డాక్టరు గారిని నిలదీశాను: "చదువుకున్న మీరు ఆ అమ్మోరి మాట ఎలా సహిస్తున్నారు?"

"ఆవిడ చెప్పిన ఇళ్ళలో నీళ్ళు కాగుతున్నాయండి. మీ వ్యాసం చదివిన ఇళ్ళలో కాగుతున్నాయో లేదో కనుక్కుని చెప్పండి."

నీళ్ళకు అమ్మోరి పూచీ అక్కర్లేదని నేను ఇప్పటికీ అంటాను. కాని నా ఇంట్లోనే నీళ్ళు కాగడం లేదన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

డాక్టరు గారు తాడు చూసి, సూరమ్మను రెండు ప్రశ్నలడిగి, సుభద్రతో నెమ్మదిగా అన్నారు: "ఇది నా చేత అయ్యే పని కాదమ్మా. రాజమండ్రిలో దొరసాని డాక్టరుగారి దగ్గర ఉండాలి. మూడు గంటల పడవకే బయలుదేరు." సోమయాజులు గారు తల ఊపారు. "నా మందూ అడ్డం తిరిగినదాన్ని తిప్పదు." తన చేత కాదన్న వైద్యుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒకే అరుగు మీద ఇద్దరిని చూశాను.

అప్పటికప్పుడు కొత్త ఆకు తీశారు. ఇద్దరూ జ్ఞాపకం తెచ్చుకుని పాత రాతలన్నీ తిరిగి రాశారు. సూరమ్మ తాడు కట్టింది. అప్పుడు సుభద్ర తల దించుకుని అంది, "ఇంకొకటుంది. మావయ్య పంపిన బలం మందు. రెండు నెలలుగా రోజూ రెండు చెంచాలు. ఆకు మీద పెట్టించలేదు, మావయ్యకు చిన్నతనమని."

సోమయాజులు గారు గంటం నా చేతిలో పెట్టారు. "నాలుగో వైద్యుడు కూడా రాయాలి పంతులుగారూ."

ఆ సీసాలో ఏముందో నాకు తెలియదు. అదే రాశాను. గంటం అలవాటు లేక అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి. సంచిలోని రెండో సీసా తీసి డాక్టరు గారికి ఇచ్చేశాను.

మూడు గంటలకు పడవ కదిలింది. సుభద్రకు పరుపు వేసి, పక్కన సూరమ్మ కూర్చుంది. ఎదురు నీరు కావడంవల్ల కూలీలు గట్టు మీదనుంచి తాడు లాగుతున్నారు. ప్రతి లాకు దగ్గరా సూరమ్మ పిల్ల కడుపు మీద చెయ్యి వేసి చూసేది. "మావయ్యా, ఈసారి వ్యాసం ఎవరి మీద?" అని సుభద్ర అడిగింది. కాలువ వైపు చూశాను. నేను పారేసిన ఆకు ఈపాటికి ఎంత దిగువకు పోయిందో.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు ధవళేశ్వరం, పదింటికి ఆసుపత్రి. దొరసాని గారు వచ్చీరాని తెలుగులో మొదట అడిగింది ఒక్కటే: "ఇంతవరకు ఏమి మందు ఇచ్చినారు?" రెండేళ్ళ కిందట ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. సూరమ్మ ఆకు బల్ల మీద పరిచింది. నేను పైకి చదివాను, నా సీసాతో సహా. ఆవిడ ఆకు చివరిదాకా విని, చేతులు కడుక్కుని, సూరమ్మను కూడా లోపలికి పిలిచింది.

నాలుగో రోజు ఉదయం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. సూరమ్మ ఆకు తాడులోని ఈనె పెరికి కిటికీలోంచి పారేసింది.

పాఠకుడా, నా వ్యాసాలు నువ్వు చాలా చదివావు, చదివి పొట్లాలు కట్టావు. దీన్ని కట్టకు. లే. వంటింటి గూట్లోంచి, పెట్టె అడుగునుంచి, ముసలమ్మ తలగడ కిందనుంచి మందులన్నీ బయటికి తియ్యి. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ఒక ఆకు మీద రాయి. గుమ్మంలో అందరికీ కనిపించేటట్టు కట్టు. ఇంటికి వచ్చిన ప్రతి వైద్యుడి చేతా చదివించు. చదవనని ముఖం తిప్పుకున్నవాడి మందు మింగకు. తరవాత మీ ఊరి వైద్యులందరినీ ఒక్క పూట నీ అరుగు మీద కూర్చోబెట్టు. ఈ పని ఇవాళే చెయ్యి.