బియ్యం అంగడి వాళ్ళింట్లో కొర్రన్నం

వంట చేయడం నాకు ఇష్టం లేదు. పెళ్ళికి ముందూ లేదు, తర్వాతా లేదు. చేతకాక కాదు. నలుగురు గబగబా తినేసి లేచిపోయే దానికోసం పూటంతా పొగలో కూర్చోవడం మొదటినుంచీ నాకు గిట్టేది కాదు. ఇదే మాట మగవాడంటే ఎవరూ పట్టించుకోరు. ఆడది అంటే మాత్రం బిడ్డను బావిలో తోసినట్టు చూస్తారు.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఉదయగిరిలో నాయన, నేను, ఇద్దరమే. నాయన తాలూకా కచేరీలో గుమాస్తా. ఆయనకూ పొయ్యి దగ్గర ఓపిక తక్కువ. పొద్దున ఎలాగో అన్నం, పులుసు వండుకునేవాళ్ళం. రాత్రి భోజనానికి మాత్రం నాయన ఒక పద్ధతి కనిపెట్టాడు. కచేరీ నుంచి రాగానే కొర్రబియ్యం, గుప్పెడు పెసరపప్పు కడిగి ఒకే కుండలో వేసి పొయ్యి మీద పెట్టేవాడు. నేను పెరట్లోకి వెళ్ళి మునగాకు దూసి తెచ్చేదాన్ని. ఉడుకు పట్టాక ఆకు, ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు వేస్తే అయిపోయేది. పక్కన మజ్జిగ, ఒక ఉల్లిపాయ. అంతే. కొర్రలు లేని రోజు అలసందలు ఉడకబెట్టుకునేవాళ్ళం, లేదంటే రాగి అంబలి కాచుకునేవాళ్ళం. కొండ మీదనుంచి సీతాఫలాలు దిగే కాలంలో అవే కడుపునిండా తిని మజ్జిగ తాగిన రోజులూ ఉన్నాయి.

పొద్దు గుంకేలోపల తిని, ఆ ఒక్క కుండా కడిగేసి, అరుగు మీద కూర్చునేవాళ్ళం. నాయన నాచేత పత్రిక చదివించుకునేవాడు.

“కడుపుకీ తేలిక, చేతికీ తేలిక. ఇంకేం గావాల?” అనేవాడు.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం రోగంతో మంచాన పడిన గుర్తు నాకు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయ్యాక నన్ను ఆత్మకూరులో ఇచ్చారు. వాళ్ళది బియ్యం, బెల్లం టోకు వ్యాపారం. ఇంట్లో అత్త, మామ, మా ఆయన, ఆయన అన్న, తోటికోడలు, వాళ్ళ పిల్లలు. రాత్రి భోజనమంటే అక్కడ అన్నం, పప్పు, వేపుడు, చారు, అప్పడాలు. మగవాళ్ళు అంగడి కట్టేసి ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు. ఎవరు వచ్చినా వేడిగా ఉండాలి. మా ఆడవాళ్ళ వంతు వచ్చేసరికి ఆకలి చచ్చిపోయేది.

పెళ్ళైన కొత్తలో మా ఆయన నాతో ఉదయగిరి వచ్చినప్పుడు నాయన ఆ కొర్రన్నమే పెట్టాడు. ఆయన అడిగి మళ్ళీ వడ్డించుకున్నాడు. “రోజూ ఇట్లాంటిది చేసుకుంటే పోతాది గదా, ఇంత తిప్పలెందుకు?” అని నాతో అన్నాడు కూడా. ఆ మాట పట్టుకుని నేను ధైర్యం తెచ్చుకున్నాను.

తోటికోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అత్తకు మోకాళ్ళ నొప్పులు. వంటిల్లు నా ఒక్కదాని మీద పడింది. ఒక సాయంత్రం పెద్ద కుండలో కొర్రన్నం వండాను. అత్త మూత తీసి చూసింది.

“ఏందమ్మే ఇది?”

“కొర్రన్నం అత్తా. పెసరపప్పు, మునగాకు వేసినాను. ఒంటికి మంచిది.”

“బియ్యం అమ్మేవాళ్ళింట్లో కొర్రకూడు వండుతారా? పక్కింటోళ్ళు చూస్తే మా అంగడి దివాలా తీసిందనుకుంటారు.”

అప్పుడే మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. నేను ఆయన ముఖం వంక చూశాను. ఆయన కుండలోకి చూసి, వాళ్ళమ్మను చూసి, పీట వాల్చుకున్నాడు.

“మనకి అలవాటు లేదు గదా. అన్నం వండు.”

కుండ మొత్తం గేదె కుడితిలో పోయించింది అత్త. నేను మళ్ళీ పొయ్యి రాజేశాను.

కొన్నాళ్ళకు నాయన నన్ను చూడడానికి బస్సులో వచ్చాడు. ఆయన ఇంకా చెంబు నీళ్ళు తాగుతుండగానే అత్త మొదలుపెట్టింది.

“తల్లి లేని పిల్లని తెలిసే చేసుకున్నాం అన్నా. అంత మాత్రాన వంట కూడా నేర్పియ్యకుండా పంపుతారా?”

నేను తలుపు వెనక ఉన్నాను. నాయన ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. పిల్లకు వంట వచ్చుననీ, మా ఇంట్లో ఇలా తిని ఆరోగ్యంగా ఉన్నామనీ చెబుతాడనుకున్నాను.

“తప్పు నాదే చెల్లెమ్మా,” అన్నాడు నాయన. “నేనే సోమరితనం నేర్పినాను. మీరే దిద్దుకోండి.”

అత్త మాటలు ఆ సాయంత్రానికే మరిచిపోయాను. నాయన మాట మరవలేదు. ఉదయగిరిలో మా ఇద్దరి సాయంత్రాలకూ ఆయన పెట్టిన పేరు సోమరితనం. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి “ఓర్చుకోవాల తల్లీ” అన్నాడు. నేను ఆయన తాగిన చెంబు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన సంచీ తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మామకు జబ్బు చేసింది. తరచూ దాహం, నీరసం, కాలి పుండు మానకపోవడం. నెల్లూరు తీసుకెళ్తే డాక్టరు చక్కెర జబ్బని చెప్పి, తిండి మార్చమన్నాడు. ఇంటికి రాగానే అత్త నన్ను పిలిచింది.

“రాత్రిళ్ళు వరన్నం మానెయ్యమన్నాడంట డాక్టరు. కొర్రలూ ఆకుకూరా తినమన్నాడంట. నీకు వచ్చు గదా, మీ మామకి నువ్వే చేసిపెట్టు.”

నాకు సంతోషమైంది. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

“అందరికీ అదే చేస్తే సరిపోతాది గదా అత్తా.”

“జబ్బు ఆయనకి. మాకేం రోగం?”

అలా రెండో పొయ్యి వెలిగింది. ఒకదాని మీద మామకు కొర్రన్నం, ఇంకోదాని మీద మిగతా అందరికీ ఎప్పటిలా అన్నం, పప్పు, వేపుడు, చారు. పని తగ్గించుకోవడానికి నాకు తెలిసిన ఒక్క ఉపాయమూ నా నెత్తిన ఇంకో పనై కూర్చుంది. మామ పుండు మానింది, ముఖం తేటపడింది. అంగడికి వచ్చిన వాళ్ళతో “అంతా నెల్లూరు డాక్టరు చలవ” అనేవాడు. ఆయన మంచివాడే. ఆ కుండ ఎవరు దించుతున్నారో ఆయనకు తట్టలేదు, అంతే.

మామ ఇంకొన్నేళ్ళు బతికాడు. ఆయన పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. అత్త పెద్దకొడుకు దగ్గర ఉండిపోయింది. మేము అదే వీధి చివర ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. మొదటిసారి నా పొయ్యి, నా కుండ. ఆ సాయంత్రం కొర్రన్నం వండాను. పిల్లలు కంచాలు నాకారు.

మా ఆయన వచ్చి కంచంలోకి చూశాడు. చెప్పులు వేసుకుని వాళ్ళన్న ఇంటికి వెళ్ళి తిని వచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చివరికి అదే అలవాటైంది. అంగడి కట్టేసి నేరుగా అటే వెళ్ళేవాడు. మొగుడికి రాత్రి కూడు పెట్టని ఆడదని వీధిలో నాకు పేరొచ్చింది. బావి దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి.

ఒకరోజు అడిగాను. “ఉదయగిరిలో అడిగి వడ్డించుకున్నారు గదా. ఇప్పుడు రుచి లేదా?”

ఆయన అంగడి తాళాలు మేకుకు తగిలించాడు.

“రుచి సంగతి కాదు,” అన్నాడు. “మా అమ్మ ముందర వద్దన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తినేది?”

ఆయన ఒక్కడికి సోలెడు బియ్యం వేరే వండిపెట్టడం నాకు పెద్ద పని కాదు. కానీ రెండో పొయ్యి ఇంక వెలిగించదలచుకోలేదు. ఆయనా దిగిరాలేదు. పిల్లలు ఆ తిండితోనే ఏపుగా, జబ్బు లేకుండా పెరిగారు. అది మాత్రం వీధిలో ఎవరి నోటా రాలేదు.

తర్వాత అత్త కూడా పోయింది. కర్మ అయిన మర్నాడు సాయంత్రం, వద్దన్న మాట విన్న మనిషి ఇప్పుడు లేదు గదా అని, ఆయన కోసం కంచం పెట్టి చూశాను. చీకటి పడింది. పిల్లలకు వడ్డించి, నేనూ తిన్నాను. ఆయన వదిన చేతి అన్నం తిని, తీరిగ్గా ఇంటికి వచ్చాడు.