చింత బోన్సాయ్‌కి చెరుకు తోట మట్టి

ఈ సాయంత్రం బడి నుంచి ఇంటికొచ్చేసరికి, మేడ మీద నా చింత బోన్సాయ్ కుండీ నిండా నల్లటి బంకమట్టి ఉంది. కోటవురట్ల నుంచి వచ్చిన మా మామగారు తన చెరుకు తోట మట్టిని సంచిలో మోసుకొచ్చారు. నేను జల్లెడ పట్టి నింపుకున్న ఇటుక ముక్కలనీ, ముతక ఇసుకనీ ఓ మూలకు పారబోసి, ఆ మట్టిలో చెట్టును నాటేశారు.

"ఇటిక ముక్కల్లో సెట్టు ఏటి తింటాదమ్మా? నా మట్టిలో సూడు, బేగి ఏపుగా పెరుగుద్ది" అన్నారు సంబరంగా.

"ఏపుగా పెరగకూడదనే కదండీ మామయ్యగారూ నా తంటా అంతా! పైగా ఇంత చిన్న కుండీలో మీ మట్టికి నీరు దిగదు, వేళ్లు కుళ్లిపోతాయి" అన్నాను.

"మా మట్టిని వద్దన్నోలు ఇంతవరకూ లేరు."

"ఇప్పుడు మీ ఇంట్లోనే ఒకరున్నారండీ" అని, ఆయన ఎదుటే చెట్టును తీసి, వేళ్లు కడిగి, ఇటుక ముక్కలు ఏరుకొచ్చి మళ్లీ వాటిలోనే నాటాను.

మామగారు అలిగి టీ ముట్టలేదు. ఆయన మట్టిని నేనేమీ పారబోయలేదు, అందులో వంగ మొక్కలు వేశాను. కాయలు కాస్తే కూర వండి ఆయనకే మొదట వడ్డిస్తాను. బోన్సాయ్ కుండీలో ఏం పోయాలో మాత్రం నేనే చెబుతాను. మీ కుండీల మీద పెత్తనం ఎవరిదండీ?