మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఊరి మధ్యనుంచి పోయే స్టేట్ హైవే పెద్ద పొడవేమీ కాదు. విజయనగరం జిల్లాలో మొదలై, బస్సులో కునుకు పట్టేలోపే శ్రీకాకుళం జిల్లాలో అయిపోతుంది. దాని అంచునే మా ఇల్లు. నాన్నగారు గుడిలో పాడేవారు. నేను ఇంట్లో పిల్లలకు సంగీతం చెబుతాను. మా గుమ్మానికి ఎదురుగా స్పీడ్ బ్రేకర్ ఉండేది. గ్రానైటు బండలు మోసే ప్రతి లారీ అక్కడ బ్రేకు వేసి, గేరు మార్చి, మూలుగుతూ కదిలేది. పిల్లలకు శ్రుతి అందేసరికి ఆ రొద.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి తండ్రి రోడ్ల పనులు చూసే ఇంజనీరు. పాపను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆయనతో అన్నాను. ఏమన్నాను? ‘కాస్త అవతలికి జరిపించండి’ అన్నానా, ‘తీయించేయండి’ అన్నానా? తలచుకున్నప్పుడల్లా ఒక్కో మాట వినిపిస్తుంది. ఆ తర్వాత రోడ్డుకు కొత్త తారు వేశారు, స్పీడ్ బ్రేకర్ మళ్లీ కట్టలేదు. ఆయన చెప్పబట్టా, పనివాళ్లు మరిచిపోబట్టా? నేను అడగలేదు. హాయిగా ఉందనుకున్నాను.

ఎదురింటి వరాలమ్మ రోజూ పొద్దున్నే రోడ్డు దాటి వచ్చి మాకు పాలు పోసేది. ఆ వేసవిలో ఒకనాడు, చెంబుతో దాటుతుండగా మోటారుసైకిల్ గుద్దేసింది. నేను తలుపు తీసేసరికి తారు మీద పాలు పారుతున్నాయి. ఆమె తొడ ఎముక విరిగింది.

ఆస్పత్రికి వెళ్తే, మంచం మీంచే నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మగోరూ, ఆ బ్రేకరు ఎవులో సెప్పి తీయించీసినారట. మీకేటైనా తెలుసా?”

“నాకేం తెలుసు, వరాలమ్మా.”

“ఆళ్లింట్లో మనుసులు రోడ్డు దాటరేటమ్మా?”

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

బండి నడిపినవాడు తాగి ఉన్నాడని కొందరన్నారు. తాగినవాడు స్పీడ్ బ్రేకర్ చూసి ఆగుతాడా? ఆగడేమో. లేక అక్కడే ఎగిరిపడి ఆమె దాకా వచ్చేవాడు కాదేమో. ఇలా ఆలోచిస్తూ పోతే ఒక పూట నా తప్పేమీ లేదనిపిస్తుంది, మరో పూట ఆ కాలు నా చేతులతోనే విరిచాననిపిస్తుంది. ఎటూ తేల్చుకోలేక ఆస్పత్రికి క్యారేజీలు పంపాను, చేతికర్ర కొనిచ్చాను. అమ్మగారి లాంటి మనిషి లేదని ఆమె ఊరంతా చెప్పింది. అది వింటూ నిలబడ్డాను. అసలు తప్పు అదేనేమో.

ఆ ఏడు రామతీర్థం ఉత్సవాల్లో మా పిల్లలు ఎంత శుద్ధంగా పాడారో. రొద లేని ఇంట్లో నేర్చుకున్న పాట అది. గుర్తొస్తే నాకు కలిగేది సంతోషమో సిగ్గో కూడా తెలియదు.

వరాలమ్మ గేదెను అమ్మేసింది. ఇప్పుడు రోడ్డు దాటదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని నన్ను చూసి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. చెప్పేస్తే నా బరువు దిగుతుందేమో గానీ, ఆమె నమ్మిన మనిషి ఆమెకు లేకుండా పోతుంది. ఇది ఆమె మీద జాలా, నా పిరికితనమా?

ఏ మాటతో అడిగానో తెలియదు. అడిగింది మాత్రం నేనే. నాకేం తెలుసన్నదీ నేనే. ఇంతవరకూ రాశాను. అంతే.