తలుపు మూసే ముందు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ఆటపట్టించడం నాకు భలే సరదా. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో ఒక మామిడి గోదాంలో కంప్యూటర్ పని చూస్తాను. బంగినపల్లి కాయని ట్రేలలో పెట్టి పెద్ద గదిలో పేర్చి, తలుపు మూసి, చల్లబరిచి, గ్యాస్ వదిలి మగ్గబెడతాం. సెన్సర్ల డేటాని బట్టి ఈ పనులన్నీ వాటంతటవే వరసగా జరిగేలా చూసే సాఫ్ట్‌వేర్ ఎంచమని మా ఓనరు వరలక్ష్మి గారు నాకు అప్పగించారు.

చూసినవాటిలో రెండు మిగిలాయి. ఒకటి టైము ప్రకారం పని మొదలుపెడుతుంది. రెండోది డేటా అందగానే తర్వాతి పని అందుకుంటుంది. రెండోది నాకు తెగ నచ్చింది.

వరలక్ష్మి గారికో అలవాటుంది. గది మూసేముందు తలుపు తట్టి, "లోపలెవరన్నా ఉన్నారా?" అని అడిగి కాసేపు ఆగుతారు. కాలం చేసిన వాళ్ల మామగారి పాత గోదాం నాటి ఆనవాయితీ అది. ఇది కూడా సాఫ్ట్‌వేర్‌లో పెట్టమంటారా అని వేళాకోళం చేశాను.

దాని ట్రయల్ రోజు మధ్యాహ్నం కాయ పేర్చడం అయింది గానీ, మూల సెన్సర్ నుంచి డేటా రాలేదు. లోపలికెళ్లి ఊడిన వైరు బిగించాను. డేటా అందింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసుకుపోయింది. నా వెనక తలుపు మూసుకుంది, లైటు ఆరిపోయింది.

లోపలి నుంచి తెరిచే బటన్ ఇంకా పెట్టలేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చల్లబరిచే ఫ్యాన్ల హోరులో నా అరుపు నాకే వినపడలేదు. సాఫ్ట్‌వేర్‌లో పనుల వరస పెట్టింది నేనే కాబట్టి, తర్వాత ఏం రాబోతోందో నాకు బాగా తెలుసు. చలికి వణుకుతూ తలుపు బాదాను. మా పాప గుర్తొచ్చి ఏడ్చేశాను.

ఫ్యాన్లు ఆగాయి. ఇక గ్యాసే.

అప్పుడు బయట తలుపు తట్టిన చప్పుడు. తలుపు దానంతటదే మూసుకున్నా వరలక్ష్మి గారు ఆనవాయితీ తప్పలేదు. "లోపలెవరన్నా ఉన్నారా?"

నేను నోరు తెరిచేలోపే, వెనక, ట్రేల మధ్య నుంచి ఎవరో పెద్దాయన నింపాదిగా అన్నాడు: "కుర్రాడున్నాడు, తలుపు తియ్యమ్మా."

తలుపు తెరుచుకుంది. బయటపడ్డాను. వరలక్ష్మి గారు నన్ను దాటి లోపలికి చూస్తున్నారు.

"ఆ పెద్దాయనేడయ్యా? ఆయన్నీ రమ్మను."

ట్రేలన్నీ జరిపి వెతికాం. ఎవరూ లేరు. ఆ గొంతు మీ మామగారిదేమోనని అడిగితే, "ఆయన గొంతు నాకు తెలీదా? ఇది వేరే" అన్నారు. గోదాం కొత్తది, అక్కడ ఎవరూ చనిపోలేదు. అదేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ వద్దనుకుని, మనిషి సరేనని నొక్కేదాకా ఆగే మరోదాన్ని తీసుకున్నాం. నొక్కేది నేనే. ప్రతిసారీ తలుపు తట్టి అడుగుతాను, చెవి ఒగ్గి ఆగుతాను. ఇంతవరకూ జవాబు రాలేదు. అయినా ఆ పెద్దాయన్ని లోపలే పెట్టి మూసేస్తున్నానేమోనని నొక్కడానికి చెయ్యి రాదు.