అరిగిన అంచు

పంక్చర్ షాపు నడిపే ఆమె మనుషుల మాటలు ఓ పట్టాన నమ్మదు. వంగి, బొటనవేలితో టైరు తడిమి చూశాకే మాట్లాడుతుంది. కూతురు కాలేజీకి తీసుకెళ్ళే చిన్న స్పోర్ట్స్ బైకునీ ఆ రోజు అలాగే తడిమింది. కాలేజీ రోడ్డు తిన్నగా ఉంటుంది, టైరు నడుమ అరగాలి. అరిగింది అంచు.

“కొండ మలుపుల్లో ఎవడితో తిరుగుతున్నావే?”

“ఒక్కదాన్నేనమ్మా. బండి వాల్చి తిప్పుతుంటే బాగుంటుంది.”

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ తడిమింది. ఎడమ అంచు నున్నబడింది, కుడి అంచు కొత్తదానిలా ఉంది.

“మరి కుడివైపు వాల్చవేం?”

“ఓసారి కుడి మలుపులో లారీ మీదికొచ్చింది. అప్పట్నుంచీ భయం.”

ఆమె షట్టరు దించి, హెల్మెట్ పెట్టుకుని వెనకెక్కింది. “పద, చూస్తాను.”

కొండ మీద మొదటి కుడి మలుపు రాగానే కూతురి భుజాలు ఆమె చేతుల కింద కర్రల్లా బిగుసుకున్నాయి. అప్పుడు గాని ఆమె నమ్మలేదు.

“మెల్లగా తిప్పమ్మా, నేనున్నాగా,” అంది.